చేతినిండా పని ఉండగానే సెలవు తీసుకున్న గాయకుడు
– రెనాతో కరొసోనే జీవితం –

ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక ప్రసిద్ధ వ్యక్తి జీవితాన్ని గురించి వ్రాయవలసిందని మన సంపాదక వర్గం వారు కోరినప్పుడు, మొదట నాకు తోచినవన్నీ మనందరికీ బాగా తెలిసిన పేర్లే. వారిని గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను కొంచెం దూరం వెళ్ళి, ఇటలీ దేశపు గాయకుడు, పియానో విద్వాంసుడు రెనాతో కరొసోనేని ఎంచుకున్నాను. ఆయనకూ మనకూ సంబంధమేమిటని అడగవచ్చు. మనమంతా వయస్సు నిండి, ఆఫీసువారు దండవేసి, శాలువా కప్పి పంపిస్తే ఇంటికి వచ్చినవాళ్ళం. ఆయన మాత్రం ఎవరూ పంపకుండానే, 40 ఏళ్ళు నిండకముందే, దేశమంతా తన పాట పాడుకుంటున్న రోజులలో టెలివిజన్‌లో కనబడి, ఇక సెలవు అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎందుకు వెళ్ళాడు, వెళ్ళి ఏం చేశాడు, మళ్ళీ ఎందుకు వచ్చాడు అన్నది మనవంటి వారికి ఉత్త సినిమా కబురు కాదని నా నమ్మకం.

దక్షిణ ఇటలీలో సముద్రపు ఒడ్డున ఉన్న పెద్ద రేవు పట్టణం నేపుల్స్. అక్కడి మార్కెట్ కూడలికి దగ్గరగా ఉన్న ఒక ఇరుకు సందులో 1920 జనవరి 3వ తేదీన రెనాతో పుట్టాడు. అసలు ఇంటిపేరు కరుసోనే. తరువాత ఒక అక్షరం మారి కరొసోనే అయింది. తండ్రి అంతోనియో, మెర్కదాంతే నాటకశాలలో టిక్కెట్లు అమ్మే గుమాస్తా. అంటే రోజూ నాటకశాల గుమ్మంలోనే ఉండే చిరుద్యోగి. పెద్ద కలిమి లేదు గాని ఇంట్లో సంగీతం ఉండేది. పియానో మీద తొలి స్వరాలు నేర్పింది తల్లి కరొలీనా. ఆమె 1927లో మరణించింది. అప్పటికి రెనాతోకు ఏడేళ్ళు. ముగ్గురు పిల్లలను పెంచే భారం తండ్రి మీద పడింది. అంత ఇబ్బందిలోనూ ఆయన కొడుకు పియానో చదువును ఆపలేదు.

నేపుల్స్‌లో పాట అంటే వేరే సంగతి. ఇటలీ దేశపు పాఠ్యపుస్తకాల భాష ఒకటి, నేపుల్స్ వీధుల భాష మరొకటి. ఈ వీధి భాషలోనే వందలాది పాటలు పుట్టాయి. ప్రపంచమంతా తెలిసిన 'ఓ సోలే మియో' 1898లో ఈ భాషలో పుట్టిందే. చంద్రుడు, సముద్రం, విరహం, కిటికీ కింద నిలబడి ప్రియురాలిని పిలవడం – ఇవీ ఆ పాటలలోని సరుకు. గొంతు వణికించి, కన్నీళ్ళు తెప్పించేవాడే గొప్ప గాయకుడు. రెనాతో పెరిగింది ఈ గాలిలోనే. ఈ కన్నీళ్ళనే తరువాత నవ్వులుగా మార్చాడు.

14వ ఏట పియానో కోసం ఒక చిన్న రచన చేశాడు. దానికి పెట్టిన పేరు 'విచారం' అని అర్థం వచ్చే మాట. 15వ ఏట మొదటి జీతం దొరికింది. మన తోలుబొమ్మలాట లాగా అక్కడ చెక్కబొమ్మల ఆట ఒకటి ఉంది. కవచాలు తొడుక్కున్న వీరులు, కత్తియుద్ధాలు, తెగిపడే తలలు. ఆ ఆటకు పియానో వాయించడం పని, రాత్రికి అయిదు లీరాలు. బొమ్మలు దెబ్బలాడుతున్నంతసేపూ చేతులు పరుగెత్తాలి, రాకుమారి ఏడిస్తే చేతులు మెత్తబడాలి. రంగస్థలం మీద ఒక కన్ను, మెట్ల మీద చేతులు. తరువాతి రోజులలో ఆయన పియానో మాటలకు జవాబు చెబుతున్నట్టు, ఎకసెక్కం చేస్తున్నట్టు పలికేది. దానికి బీజం ఈ బొమ్మలాట దగ్గరే పడిందని నేననుకుంటాను.

ఆ తరువాత ఇ. ఎ. మారియో అనే పేరుపొందిన పాటల రచయిత, ప్రచురణకర్త దగ్గర పని దొరికింది. అచ్చయిన కొత్త పాటలను పాడడానికి వచ్చే గాయకులకు పియానో మీద వాయించి వరస నేర్పడం ఆ ఉద్యోగం. రోజంతా ఇతరుల పాటలు పదేపదే వాయించాలి. విసుగు పుట్టించే పనే, కాని పాట ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో తెలియడానికి అంతకంటే మంచి బడి లేదు. మరొక ప్రక్క శాస్త్రీయ సంగీతం అభ్యసించి, 1937లో నేపుల్స్‌లోని సాన్ పియెత్రో ఆ మయెల్లా సంగీత కళాశాల నుంచి పియానోలో పట్టా పుచ్చుకున్నాడు. అప్పుడు వయస్సు 17.

పట్టా చేతికి వచ్చిన ఏడాదే ఓడ ఎక్కాడు. ఎర్ర సముద్రపు ఒడ్డున ఉన్న ఎరిత్రియా 1890 నుంచి ఇటలీ వలస. 1936లో ముస్సోలినీ ప్రభుత్వం ఇథియోపియాను కూడా యుద్ధం చేసి ఆక్రమించుకుంది. రోడ్లు వేసేవారు, లారీలు నడిపేవారు, సైనికులు, వ్యాపారులు వేలకొద్దీ అక్కడికి తరలివెళ్ళారు. వారికి వినోదం కావాలి. ఒక నేపుల్స్ నాటక బృందం అటు బయలుదేరగా, పియానో వాయించడానికి రెనాతో కూడా ఒప్పందం మీద సంతకం చేశాడు. 1937 వేసవిలో మస్సావా రేవులో దిగి, అక్కడి నుంచి పీఠభూమి మీద ఉన్న అస్మారా పట్టణానికి చేరారు.

అస్మారాలో ఆట ఘోరంగా విఫలమైంది. చూడడానికి వచ్చినవారిలో చాలామంది ఉత్తర ఇటలీ నుంచి వచ్చిన లారీ డ్రైవర్లు. వారికి నేపుల్స్ భాష ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకే దేశం, ఒకే జెండా, కాని హాస్యం మాత్రం ఊరు దాటలేదు. బృందం మూటాముల్లె సర్దుకుని తిరుగు ప్రయాణం కట్టింది. రెనాతో వెళ్ళలేదు. 17 ఏళ్ళ కుర్రవాడు, పరాయి ఖండం, వెనుక ఎవరూ లేరు. అయినా అక్కడే ఒక పియానో వెదుక్కుని నిలబడ్డాడు. పియానోకు భాష అక్కర్లేదు గదా! నాట్య సంగీతం, అప్పుడప్పుడే వస్తున్న అమెరికా జాజ్, ఏది అడిగితే అది వాయించాడు. పాట మాటలు అర్థం కానివారిని కూడా కూర్చోబెట్టడం ఎలాగో నేర్చుకున్నది ఈ వైఫల్యం వల్లనే. తరువాత ఆయన పాటలు నేపుల్స్ భాష తెలియని దేశాలలో కూడా చెల్లాయంటే, లెక్క ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి.

అస్మారాలోనే వెనిస్ నుంచి వచ్చిన నర్తకి ఇతాలియా లెవీది పరిచయమైంది. అందరూ లీతా అని పిలిచేవారు. 1938లో వివాహం చేసుకున్నారు. ఆమెకు అప్పటికే పీనో అనే చిన్న కొడుకు ఉన్నాడు. రెనాతో ఆ పిల్లవాడిని తన బిడ్డగా స్వీకరించాడు. 18 ఏళ్ళకే భర్త, తండ్రి అయ్యాడన్నమాట. ఆ కాపురం చివరి దాకా నిలిచింది. సినిమా, సంగీత రంగాల వారి జీవిత చరిత్రలలో ఈ వాక్యం తరచుగా వ్రాయలేము.

తరువాత అద్దిస్ అబాబా వెళ్ళి వాద్యబృందాన్ని నడిపాడు. ఇంతలో రెండవ ప్రపంచ యుద్ధం వచ్చి పడింది. సైన్యంలోకి పిలుపు వచ్చి సోమాలియా వైపు పంపారు. 1941లో తూర్పు ఆఫ్రికాలో ఇటలీ పాలన కూలిపోయి బ్రిటిష్ వారు వచ్చారు. పాలించేవారు మారారు గాని సాయంత్రం పూట సంగీతం కావలసినవారు ఏ దొరతనంలోనైనా ఉంటారు. ఆయన పని సాగింది. 1946 జూలైలో భార్యాబిడ్డలతో ఇటలీకి తిరిగి వచ్చాడు. వెళ్ళేటప్పుడు 17, వచ్చేటప్పుడు 26. మామూలుగా ఒక కళాకారుడు పేరు తెచ్చుకునే తొమ్మిదేళ్ళూ ఆయన స్వదేశంలో లేడు. ఇక్కడ ఎవరికీ ఆయన ఎవరో తెలియదు. సర్వీసు లెక్కలోకి రాని తొమ్మిదేళ్ళన్నమాట.

మూడేళ్ళు అక్కడా ఇక్కడా వాయిస్తూ గడిచాయి. 1949లో నేపుల్స్ సముద్రపు ఒడ్డున షేకర్ క్లబ్ అనే రాత్రి క్లబ్బు ప్రారంభమైంది. ప్రారంభానికి ఒక చిన్న బృందం కావాలని కరొసోనేని పిలిచారు. అప్పటికి నేపుల్స్ యుద్ధంలో బాంబులు తిని, 1943లో జర్మన్లను తరిమి, ఆ తరువాత మిత్రదేశాల సైనికులతో నిండిపోయి లేచిన ఊరు. అమెరికా సిగరెట్లు, అమెరికా చూయింగ్ గమ్, అమెరికా రికార్డులు రేవు వీధులలో విరివిగా దొరికేవి. పాత పాటల ఊరికి కొత్త తాళం వచ్చి చేరింది.

కరొసోనే ఇద్దరిని చేర్చుకున్నాడు. ఒకరు డచ్చి దేశస్థుడు పీటర్ వాన్ వుడ్, ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాడు. ఆ రోజులలో ఇటలీలో అది వింత వాద్యమే. రెండవ వ్యక్తి డ్రమ్ముల కోసం వచ్చాడు, కాని డ్రమ్ములు తీసుకురాలేదు! అక్కడ ఉన్న కుర్చీ, పళ్ళెం, గ్లాసులు, ఏది దొరికితే దాని మీద వాయించి చూపించాడట. కరొసోనే ఆ క్షణాననే ఖాయం చేసుకున్నాడు. ఆ మనిషి పేరు గెగె దీ జాకొమో. పాట మొదలయ్యే ముందు, నేపుల్స్ పాడుతోంది వినండహో అన్న అర్థంలో ఈ గెగె పెట్టే కేక ఆ బృందానికి గుర్తుగా మారింది. చేతిలో పనిముట్టు లేదు గనుక ఈ రోజు పని కాదు అనే గుమాస్తాలను మనం ఆఫీసులలో చాలామందిని చూశాం. ఈయన ఆ కోవలోని వాడు కాడు.

ఈ ముగ్గురూ కలిసి చేసిన పని ఏమిటంటే – అందరికీ కంఠతా వచ్చిన పాత పాటను తీసుకుని, దాని లోపల జాజ్ తాళం పెట్టి, మధ్యలో ఒక విరుపు, ఒక చమత్కారం చొప్పించడం. 1954 సాన్ రేమో పాటల పోటీలో ఒక విషాద గీతం బాగా పేరు తెచ్చుకుంది. సముద్రంలోకి వెళ్ళినవారు మునిగిపోగా పడవ ఒంటరిగా ఒడ్డుకు చేరిన కథ. దేశం కళ్ళు తుడుచుకుంటున్నది. కరొసోనే అదే పాటను అంతే భక్తిగా ఎత్తుకుని, ప్రతి దుఃఖపు చరణం తరువాత, అయితే నాకేమిటి అన్న ధోరణిలో ఒక తేలిక మాట వేయించాడు. విన్నవారు పడీపడీ నవ్వారు. ఇది చనిపోయినవారిని ఎగతాళి చేయడమని కొందరికి తోచవచ్చు. నాకు అలా తోచదు. ఆయన వెక్కిరించింది మరణాన్ని కాదు, ఏడిపించి డబ్బు చేసుకునే పాటల పద్ధతిని.

వాన్ వుడ్ కొన్నేళ్ళకు సొంతంగా పాడుకోవడానికి వెళ్ళిపోయాడు. (ఆయన ఆ తరువాత జ్యోతిష్కుడై, ఫుట్‌బాల్ ఆటల ఫలితాలు కూడా టెలివిజన్‌లో జోస్యం చెప్పాడు. మనిషి జాతకం ఎటు తిరుగుతుందో చెప్పలేము!) బృందం పెద్దదైంది. 1954లోనే కరొసోనే 'మరుజ్జెల్లా' అనే పాటకు వరస కట్టాడు. మాటలు ఎన్‌జో బొనగూరావి. ఇది నవ్వులాట పాట కాదు, సముద్రాన్నీ ప్రేయసినీ కలిపిన అచ్చమైన నేపుల్స్ ప్రేమగీతం. భార్య లీతాను తలచుకుని చేశాడంటారు. పాత సంప్రదాయాన్ని వెక్కిరించేవాడికి ఆ సంప్రదాయంలో ఎంత లోతు తెలుసో చూడాలంటే ఈ ఒక్క పాట చాలు. అదే సంవత్సరం జనవరి 3న, సరిగా ఆయన పుట్టినరోజునాడే, ఇటలీలో టెలివిజన్ ప్రసారాలు మొదలయ్యాయి. తొందరలోనే చక్కగా దువ్విన జుట్టుతో, పియానో మీద నుంచి పక్కకు తిరిగి నవ్వే ఆయన ముఖం ప్రేక్షకులకు ఇంటి మనిషి ముఖమైంది. 1955లో సెర్జో బెర్నార్దీని అనే ఆయన తస్కనీ సముద్ర తీరాన 'బుస్సోలా' అనే క్లబ్బును తెరిచినప్పుడు మొదట వాయించిందీ కరొసోనే బృందమే. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

1956లో మిలాన్ నగరంలో రికోర్ది సంగీత ప్రచురణ సంస్థలో పనిచేసే మరియానో రపెత్తి, రేడియో పోటీకి పాటలు చేయమని కరొసోనేని మరొక నేపుల్స్ వాడితో కలిపాడు. ఆయన నికోలా సలేర్నో, కలం పేరు నీసా. నీసా తెచ్చిన కాగితాలలో ఒకదాని మీద ఉన్న పాట 'తు వువో ఫా లమెరికానో'. నువ్వు అమెరికావాడిలా కనబడాలనుకుంటున్నావని దాని భావం. మొదటి చరణం చదవగానే కరొసోనే పియానో ముందు కూర్చుని కొద్ది నిమిషాలలో వరస పూర్తి చేశాడని చెబుతారు. ఆ ఇద్దరూ తరువాత చాలా పాటలు కలిసి చేశారు.

ఈ పాటలో ఒక కుర్రవాడు ఉంటాడు. వెనుక చీటీ ఉన్న ప్యాంటు, అంచు పైకెత్తిన టోపీ. విస్కీ సోడా తాగుతాడు, రాక్ అండ్ రోల్ నాట్యం చేస్తాడు, బేస్‌బాల్ ఆడతాడు. వీధిలో నడుస్తుంటే అమెరికా నుంచి నిన్ననే దిగినట్టుంటాడు. కాని సిగరెట్లకు డబ్బులు ఎక్కడివి? అమ్మ సంచిలోవి. వెన్నెలలో ప్రేయసితో మాట్లాడాలంటే ఇంగ్లీషులో ఎలా అని పాట అడుగుతుంది. యుద్ధంలో చితికి, మార్షల్ సహాయంతో కోలుకుంటున్న ఒక దేశపు మనస్సు మొత్తం ఈ చిన్న పాటలో ఉంది. చిత్రమేమిటంటే, అమెరికా వేషాన్ని నవ్వులపాలు చేసే ఈ పాట వరస మాత్రం అచ్చమైన అమెరికా బూగీ తాళం. వెక్కిరించేవాడు కూడా ఆ మోజులో మునిగినవాడే. కరొసోనే పైన నిలబడి ఉపన్యసించలేదు. ఆ కుర్రవాడి పక్కన నిలబడి నవ్వాడు. అందుకే ఆ కుర్రవాళ్ళే ఎగబడి ఆ పాటకు నాట్యం చేశారు. పెద్దవాళ్ళం చేసే హితబోధలకు ఈ భాగ్యం ఎప్పుడూ కలగలేదు.

ఆ తరువాత 'తొరేరో' వచ్చింది, 1957లో. స్పెయిన్ దేశపు ఎద్దుల పోట్లాట వీరుడిలా వేషం వేసే నేపుల్స్ వాడి కథ. 1958లో ఇది అమెరికాలో బాగా అమ్ముడైన రికార్డుల పట్టికలకు ఎక్కింది, అదీ భాష మార్చకుండానే. అదే కాలపు 'కారవాన్ పెట్రోల్'లో ఒకడు తలపాగా కొనుక్కుని, ఒంటె అద్దెకు తెచ్చుకుని నేపుల్స్ వీధులలో పెట్రోలు బావి వెదుకుతాడు. ఇటలీలో చమురు దొరుకుతుందన్న ఆశలు పత్రికల నిండా పారుతున్న రోజులవి. 'ఓ సర్రచీనో', నిద్రమాత్రల మీద చేసిన 'పిల్యాతె న పస్తీల్యా' – ఇలా ఒకదాని వెనుక ఒకటి. 1950ల చివరలో బృందం క్యూబా, వెనిజులా, బ్రెజిల్ మీదుగా అమెరికా వెళ్ళింది. న్యూయార్క్‌లో కార్నెగీ హాలు ప్రేక్షకుల ఎదుట వాయించింది. ఆ ఊళ్ళో ఇటలీ నుంచి వలస వెళ్ళిన కుటుంబాలు లక్షలలో ఉన్నాయి. అమెరికా వాడినవ్వాలనుకునే కుర్రవాడి పాటను, నిజంగానే అమెరికా వాళ్ళయిపోయిన నేపుల్స్ వాళ్ళు వింటూ ఎలా ఉండి ఉంటారో మనం ఊహించుకోవచ్చు.

ఇక అసలు ఘట్టం. 1959 సెప్టెంబరు 7. అప్పట్లో ఇటలీలో ఉన్నది ఒకే ఒక్క టెలివిజన్ ఛానెల్, రెండవది 1961లో గాని రాలేదు. అంటే ఆ రాత్రి టెలివిజన్ ఉన్న ప్రతి ఇల్లూ, టెలివిజన్ ఉన్న ప్రతి కాఫీ దుకాణమూ ఆయననే చూస్తున్నది. ఆ కార్యక్రమంలో కరొసోనే తాను రంగం విడిచిపెడుతున్నట్టు ప్రకటించాడు. అప్పటికి ఆయనకు 39 సంవత్సరాలు. అనారోగ్యం లేదు, అప్పులు లేవు, రికార్డుల అమ్మకాలలో తగ్గుదల లేదు. పత్రికలు గగ్గోలు పెట్టాయి. లోపల ఏదో జరిగిందని, ఎవరో బెదిరించారని, రకరకాల పుకార్లు లేచాయి.

ఆయన చెప్పుకున్న కారణం సాదాసీదాగా ఉంది. కొత్త తరం వస్తున్నది. 1958లో మొదునో సాన్ రేమోలో రెండు చేతులూ చాచి పాడి ఇటలీ పాటనే మార్చేశాడు. వెనుకనే చెలెంతానో, మీనా వంటి కుర్రకారు గొంతు చించుకుని అరిచే రాక్ పాటలతో వస్తున్నారు. వాళ్ళు తోసివేసే దాకా ఆగడం కంటే, జనం ఇంకా కావాలంటుండగానే లేవడం మేలని ఆయన తలచాడు. అలసట కూడా ఉండి ఉంటుంది. 15వ ఏట బొమ్మలాట దగ్గర కూర్చున్నవాడు అప్పటి దాకా లేవలేదు.

ఇది ధైర్యమా, భయమా? నేను చాలాసార్లు ఆలోచించాను. ఓడిపోకముందే ఆట ఆపేయడంలో కొంత గర్వం ఉన్నది, కొంత పిరికితనం కూడా ఉన్నదేమో. తాను పెట్టిన తాళానికి పిల్లలు ఇంకా నాట్యం చేస్తూనే ఉన్నారు గదా, ఇంకొక పదేళ్ళు సాగేది గదా అనిపిస్తుంది. పైగా ఆయనతో పాటు బృందంలోని మిగతావారి జీవనం కూడా ఆగింది. నాయకుడి స్వచ్ఛంద పదవీ విరమణ వాళ్ళకు స్వచ్ఛందం కాదు. ఈ ముక్క ఆయనను మెచ్చుకునేవారు సాధారణంగా వ్రాయరు. అయినా మరొక ప్రక్క చూస్తే, కుర్చీ వదలలేక, వదిలాక బ్రతకలేక తల్లడిల్లిన పెద్దలను మనం ఎంతమందిని చూడలేదు? నో డ్యూస్ సర్టిఫికెట్ చేతికి వచ్చిన మర్నాడు కూడా అలవాటుగా పది గంటలకు ఆఫీసు గేటు దగ్గరకు వెళ్ళి నిలబడినవారు మనలో లేరా?

కరొసోనే అలా గేటు దగ్గర నిలబడలేదు. రంగులు, కుంచెలు తెచ్చుకుని చిత్రలేఖనంలో పడ్డాడు. చిన్ననాటి నుంచీ చేయాలనుకుని సమయం లేక మానుకున్న పనులు మనందరికీ ఉంటాయి. 60 ఏళ్ళ తరువాత చేద్దామనుకుంటాం, అప్పటికి కళ్ళు సహకరించవు. ఆయన 40లోనే మొదలుపెట్టాడు. ఒక ఏడాది, రెండేళ్ళ ముచ్చట కాదు, 16 ఏళ్ళు. ఆ లోగా ఆయన పాటలు ఆయన లేకుండానే తిరిగాయి. 1960లో క్లార్క్ గేబుల్, సోఫియా లోరెన్ నటించిన హాలీవుడ్ చిత్రం ఒకటి నేపుల్స్ చుట్టుప్రక్కల తీశారు. అందులో అమెరికా కుర్రవాడి పాటను సోఫియా లోరెన్ పాడింది. పాట కట్టినవాడు అప్పటికి రంగం విడిచి తన రంగుల మధ్య ఉన్నాడు.

1975 ఆగస్టు 9న మళ్ళీ వేదిక ఎక్కాడు. ఎక్కడ? 20 ఏళ్ళ క్రిందట తాను ప్రారంభించిన ఆ బుస్సోలాలోనే. పిలిచినవాడూ పాత మిత్రుడు బెర్నార్దీనియే. టెలివిజన్ వారు దానిని ప్రసారం చేశారు. వయస్సు 55. మన లెక్కలో చాలామంది దిగిపోయే వయస్సుకు ఆయన తిరిగి చేరాడు. 16 ఏళ్ళు మూతపెట్టిన గొంతు, చేతులు. ఎదుట కూర్చున్నవారిలో సగం మంది తల నెరిసినవారు, మిగతావారు ఆయనను ఎప్పుడూ ప్రత్యక్షంగా చూడని పిల్లలు. ఆ రాత్రి బాగా జరిగింది. ఒక్క రాత్రితో ఆగుతుందనుకున్నది ఆగలేదు. మళ్ళీ కచేరీలు, రికార్డులు, టెలివిజన్ మొదలయ్యాయి. అయితే మునుపటి పరుగు లేదు. కొత్తవారితో పోటీ లేదు, ఎవరినీ మరిపించవలసిన అవసరం లేదు. 1989లో, 69 ఏళ్ళ వయస్సులో, సాన్ రేమో వేదిక మీద నేపుల్స్ భాషలో ఒక మెత్తని పాట పాడాడు. ఒకప్పుడు ఆ వేదిక మీది కన్నీటి పాటను ఆట పట్టించినవాడే! వాయించని రోజులలో బొమ్మలు వేసుకున్నాడు. రెండు పనులూ కలిసి సాగాయి.

తన జీవితకథను ఫెదెరీకో వకలెబ్రె అనే పాత్రికేయునితో కలిసి పుస్తకంగా తెచ్చాడు. దానికి 'నేపుల్స్‌లో ఒక అమెరికావాడు' అని అర్థం వచ్చే పేరు పెట్టాడు. 2001 మే 20న రోము నగరంలో మరణించాడు. వయస్సు 81. గెగె 2005లో, వాన్ వుడ్ 2010లో వెళ్ళిపోయారు. 2021లో ఇటలీ టెలివిజన్ వారు కరొసోనే జీవితం మీద ఒక చిత్రం తీశారు.

ఈ పెద్దమనిషి పేరు నాకెలా తెలిసిందో చెప్పి ముగిస్తాను. కొన్నేళ్ళ క్రిందట మా మనవడు ఫోనులో ఒకే పాటను పదేపదే పెడుతుంటే, ఈ గోల ఏమిటిరా అని కసిరాను. 2010లో ఆస్ట్రేలియా కుర్రవాళ్ళు తయారుచేసిన నాట్యపు పాట తాతయ్యా, ప్రపంచమంతా మోగిపోయింది అన్నాడు. నిజమే, ఆ సంవత్సరం ఇంగ్లండులో మొదటి స్థానానికి కూడా వెళ్ళింది. దాని మధ్యలో ఒక పాతకాలపు గొంతు ఏదో తెలియని భాషలో ఎకసెక్కంగా పాడుతున్నది. ఈ గొంతు ఎవరిదని అడిగితే వాడికి తెలియదు. వెదకగా తేలింది, అది 1956 నాటి రికార్డు నుంచి కోసి అతికించిన కరొసోనే గొంతని. అప్పుడు అసలు రికార్డును పెట్టించుకుని పూర్తిగా విన్నాను. పియానో ఆయనదే. వెనుక డ్రమ్ములు మాత్రం, ఒకప్పుడు కుర్చీ మీద వాయించి ఉద్యోగం సంపాదించుకున్న గెగెవి.